అరరెక్క ప్రయోజనం: పక్షి ఎగరడంపై పరిణామ సిద్ధాంతాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: పక్షుల పూర్వీకులు చెట్ల మీద నుంచి కిందికి దూకుతూ ఎగరడం నేర్చాయా, నేల మీద పరుగెత్తుతూ పైకి లేచాయా అనే వాదం పందొమ్మిదో శతాబ్ది చివరి నుంచి సాగుతోంది. ఈ వాదంలోని ముఖ్య సిద్ధాంతాల్లో కొలిచి చెప్పినది ఏది, ఊహించి చెప్పినది ఏది అని వేరుచేసి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. 'ఎక్కడ' అనే ప్రశ్న 'ఎంత వేగం, ఎంత బలం, ఏ దిశలో' అనే ప్రశ్నలను చాలాకాలం కప్పివేసిందనీ, ప్రయోజనాన్ని ముందే నిర్ణయించుకుని అవయవాన్ని వివరించే అలవాటు రెండు పక్షాల్లోనూ ఉందనీ ఇందులో ప్రతిపాదించడమైనది.

కీలకపదాలు: జీవయాంత్రికశాస్త్రం, పరిణామం, ఆర్కియోప్టెరిక్స్, ఈకలు, థెరోపాడ్ డైనోసార్లు, చకోరం, మైక్రోరాప్టర్.

1. ఉపోద్ఘాతం

సగం రెక్క వల్ల ప్రాణికి ఒరిగేదేమిటి? ప్రకృతివరణ సిద్ధాంతానికి ఎదురైన తొలి అభ్యంతరాల్లో ఇంత గట్టివి కొద్ది. అవయవాల తొలి దశలు దేనికీ పనికిరానివైతే ప్రకృతివరణం వాటిని ఎలా నిలబెట్టగలిగిందని సెయింట్ జార్జ్ మివార్ట్ 1871లో వెలువరించిన గ్రంథంలో నిలదీశాడు. డార్విన్ దీన్ని తేలికగా తీసుకోలేదు. 1872లో వచ్చిన 'జాతుల ఉత్పత్తి' ఆరో కూర్పులో ఇటువంటి అభ్యంతరాల కోసం ఒక అధ్యాయమే కొత్తగా చేర్చాడు. అవయవం అదే ఉండి అది చేసే పని కాలక్రమంలో మారవచ్చుననేది ఆయన సమాధానంలోని సారాంశం. మివార్ట్ లేవనెత్తిన అభ్యంతరమే తరవాతి కాలంలో 'సగం రెక్క' ప్రశ్నగా స్థిరపడింది.

అప్పటికే ఆ ప్రశ్నకు సంబంధించిన అసలు సాక్షి బయటపడి పదేళ్ళయింది. జర్మనీలోని జోల్న్‌హోఫెన్ సున్నపురాతి గనుల ప్రాంతంలో 1861లో దొరికిన ఆర్కియోప్టెరిక్స్ శిలాజం సుమారు 15 కోట్ల ఏళ్ళ నాటిది. పళ్ళున్న దవడ, గోళ్ళున్న వేళ్ళు, ఎముకలతో కూడిన పొడవాటి తోక సరీసృపానివి. ఈకలు మాత్రం నేటి పక్షి ఈకల్లాగే ఉన్నాయి. థామస్ హక్స్‌లీ 1868 నాటికే పక్షులకూ డైనోసార్లకూ ఉన్న చుట్టరికాన్ని ఎత్తిచూపాడు. అయితే ఆర్కియోప్టెరిక్స్ 'సగం రెక్క'కు సాక్ష్యం కాలేకపోయింది. దాని రెక్క దాదాపు పూర్తి రెక్క. అంతకు ముందున్న దశల శిలాజాలు 1990ల దాకా చేతికి రాలేదు. ఈ లోగా ఏర్పడిన ఖాళీని సిద్ధాంతాలు నింపాయి. ఆ సిద్ధాంతాల గుణదోషాలు ఇవాళ్టికీ పాఠ్యబోధనలో కనిపిస్తూనే ఉన్నాయి కాబట్టి వాటిని విడివిడిగా పరీక్షించడం అవసరం.

2. స్థలం మీద తగవు

శామ్యూల్ విలిస్టన్ 1879లో పక్షుల పూర్వీకులు నేల మీద పరుగెత్తే డైనోసార్లు కావచ్చునన్నాడు. ఆయన ఎవరి దగ్గర సహాయకుడిగా పనిచేశాడో ఆ ఓత్నీల్ మార్ష్ మరుసటి ఏడే చెట్ల మీది జీవనాన్ని సూచించాడు. ఏడాది తేడాతో పుట్టిన ఈ రెండు సూచనలూ క్రమంగా రెండు పక్షాలుగా గట్టిపడ్డాయి. సౌలభ్యం కోసం వాటిని ఇక్కడ నేలవాదం, చెట్టువాదం అని వ్యవహరించవచ్చు. 1907లో ఫ్రాంజ్ నొప్చా చేతులు ఆడిస్తూ పరుగెత్తే పూర్వపక్షిని ఊహించి నేలవాదానికి రూపమిచ్చాడు. గెర్హార్డ్ హైల్మన్ 1926 నాటి ఆంగ్ల గ్రంథం చెట్టువాదాన్ని దాదాపు నాలుగు దశాబ్దాల పాటు తిరుగులేనిదిగా నిలబెట్టింది.

హైల్మన్ తర్కం పరిశీలించదగ్గది. పక్షులకూ థెరోపాడ్ డైనోసార్లకూ ఉన్న పోలికలన్నిటినీ ఆయనే శ్రద్ధగా పట్టిక కట్టాడు. కానీ థెరోపాడ్లకు మెడ ఎముకలు లేవనీ, పరిణామంలో ఒకసారి పోయిన అవయవం తిరిగి రాదనీ చెప్పి ఆ చుట్టరికాన్నే తోసిపుచ్చాడు. తరవాత థెరోపాడ్లలో మెడ ఎముకలు దొరికాయి. దొరకకపోవడాన్ని లేకపోవడంగా తీసుకున్న పొరపాటు అది. డైనోసార్లను పక్కన పెట్టడంతో నేల మీద పరుగెత్తే పూర్వీకుడి అవసరమే లేకుండా పోయింది. అలా చెట్టువాదం గెలిచింది తన బలం వల్ల కన్నా ఎదుటి వాది గైర్హాజరు వల్ల అనడం సబబు.

చెట్టువాదానికి యాంత్రికమైన బలం లేకపోలేదు. ఎత్తు నుంచి దూకే ప్రాణికి గురుత్వమే వేగాన్ని ఉచితంగా ఇస్తుంది. వాల్టర్ బాక్ 1965లో దూకడం, గొడుగులా దిగడం, జారుతూ ప్రయాణించడం, రెక్కలాడించడం అనే క్రమాన్ని సూచించాడు. జారుతున్న ప్రాణి కొద్దిగా రెక్కలాడించినా దాని ప్రయాణం దెబ్బతినదని ఉల్లా నార్బర్గ్ 1985లో గణితపరంగా చూపింది. ఇవి తీసివేయదగ్గ వాదనలు కావు. చిక్కల్లా ఆధునిక సాక్ష్యంతోనే. ఎగిరే ఉడుతలు, కొలుగోలు, పడమటి కనుమల్లోని డ్రేకో బల్లులు తరతరాలుగా చెట్ల మధ్య జారుతూనే ఉన్నాయి. రెక్కలాడించే దిశగా అవి అడుగు వేస్తున్న జాడ లేదు. మలయా కొలుగోలపై 2011లో వెలువడిన అధ్యయనం జారడం వల్ల ఆదా అయ్యేది కాలమే గాని శక్తి కాదని తేల్చింది. జారిన ప్రతిసారీ తిరిగి చెట్టెక్కే ఖర్చు మిగులుతుంది. శక్తి ఆదా చేస్తుందన్న ఆధారంపై నిలిచిన వాదానికి ఇది చిన్న దెబ్బ కాదు.

మరో భేదం కూడా ఉంది. జారే ప్రాణుల్లో చర్మపు పొర ముందు కాలికీ వెనక కాలికీ కలిసి ఉంటుంది. గబ్బిలాల్లోనూ అంతే. వ్యోమింగ్ రాష్ట్రంలో దొరికి 2008లో వర్ణితమైన ఆనికోనిక్టెరిస్ అనే తొలి గబ్బిలం చేతివేళ్ళన్నిటికీ గోళ్ళుండటాన్ని బట్టి గబ్బిలాల విషయంలో చెట్టువాదమే నమ్మదగినదని చెప్పవచ్చు. పక్షి రెక్క ఇందుకు భిన్నంగా కాళ్ళతో సంబంధం లేకుండా ఏర్పడింది. కాళ్ళు పరుగుకు స్వేచ్ఛగా మిగిలాయి. కీటకాలు, టెరోసార్లు, పక్షులు, గబ్బిలాలు నాలుగు వేర్వేరు దారుల్లో గాలిలోకి లేచాయి. ఆ నాలుగింటికీ ఒకే కథ సరిపోవాలన్న పట్టుదల ఈ తగవును అవసరానికి మించి పొడిగించింది.

3. ఆస్ట్రమ్ చూపు, ఆస్ట్రమ్ వల

నేలవాదాన్ని తిరిగి బతికించినవాడు యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఆస్ట్రమ్. 1964లో మోంటానాలో దొరికిన డైనానికస్‌ను ఆయన 1969లో వర్ణించాడు. దాని మణికట్టులో నెలవంక ఆకారపు ఎముక ఒకటి ఉంది. చేతిని పక్కకు ముడవడానికీ విసురుగా చాచడానికీ వీలు కల్పించే ఆ కీలు ఆర్కియోప్టెరిక్స్‌లోనూ ఉంది, పిచ్చుకలోనూ ఉంది. 1970లో ఆయన నెదర్లాండ్స్‌లోని టైలర్స్ మ్యూజియంలో టెరోసార్ అనే చీటీతో శతాబ్దానికి పైగా పడి ఉన్న శిలాజాన్ని చూసి అది ఆర్కియోప్టెరిక్స్ అని గుర్తుపట్టాడు. పోలికలు పట్టడంలో ఆయన కంటికి సాటి వచ్చేవారు ఆ తరంలో అరుదు.

అటువంటి చూపున్నవాడే 1974, 1979 నాటి వ్యాసాల్లో ప్రతిపాదించిన ఊహ మాత్రం బలహీనమైనది. చేతి మీది ఈకలు పొడవెక్కడం కీటకాలను ఒడిసిపట్టే వలగా మొదలైందనీ, పరుగెత్తుతూ చేతులు కలిపి పురుగును పట్టే కదలికే క్రమంగా రెక్కలాడించడంగా మారిందనీ ఆయన భావించాడు. వలకూ రెక్కకూ యాంత్రిక ధర్మం ఒక్కటి కాదు. వలలోంచి గాలి పోవాలి. పోకపోతే ముందుకు నెట్టుకొచ్చే గాలితో పాటు పురుగు కూడా పక్కకు కొట్టుకుపోతుంది. రెక్కలోంచి గాలి పోకూడదు; పోతే అది మోయలేదు. గాలి చొరని ఈకల పలక ఎంత మంచి రెక్కో అంత చెడ్డ వల. పైగా ఆర్కియోప్టెరిక్స్ రెక్క ఈకల్లో కాడకు ముందువైపు అంచు సన్నగా, వెనకవైపు వెడల్పుగా ఉందని ఫెడూచియా, టోర్డాఫ్ 1979లోనే చూపారు. గాలిని కోస్తూ వెళ్ళే ఈకకు ఉండే లక్షణం అది. వలకు దాని అవసరం లేదు.

ఆస్ట్రమ్ పొరపాటు తెలివితక్కువదని చెప్పడానికి లేదు. ఆయనను ఇరకాటంలో పెట్టింది సగం రెక్క ప్రశ్నే. ఎగరలేని రెక్కకు ఏదో ఒక పని చూపకపోతే డార్విన్ సమాధానం నిలవదు. ఆ ఒత్తిడిలో మణికట్టు కదలిక నుంచి జంతువు ఉద్దేశానికి ఒక్క గెంతు వేశాడు. శిలాజం కదలికను సూచించగలదు, ఉద్దేశాన్ని సూచించలేదు.

4. వేగం లెక్క

ఇక్కడ చిన్న లెక్క అవసరం. రెక్క మీద పుట్టే పైకెత్తే బలం గాలి సాంద్రతకూ రెక్క విస్తీర్ణానికీ అనులోమంగా ఉంటుంది. వేగానికి మాత్రం దాని వర్గానికి అనులోమంగా ఉంటుంది. ఆర్కియోప్టెరిక్స్ గాలిలో నిలవాలంటే సెకనుకు సుమారు 6 మీటర్ల వేగం కావాలనీ, దాని కాళ్ళు ఇవ్వగలిగిన పరుగు సెకనుకు సుమారు 2 మీటర్లేననీ అంచనాలు ఉన్నాయి. వేగం మూడో వంతయితే అదే రెక్క మోసేది బరువులో తొమ్మిదో వంతు. నేలవాదం ఎదుర్కోవలసిన అసలు అభ్యంతరం ఇదే. చెట్టువాదులు దశాబ్దాల పాటు గురుత్వానికి ఎదురు వెళ్ళడం కష్టమనే సాధారణ వాక్యాన్ని వల్లించారే తప్ప ఈ తొమ్మిదో వంతును ఎదుట పెట్టినవారు తక్కువ.

దీనికి రెండు సమాధానాలు వచ్చాయి. మొదటిది 1983లో కేపుల్, బాల్డా, విల్లిస్ కలిసి రాసిన వ్యాసం. పరుగెత్తుతూ ఎగిరి పురుగును నోటితో అందుకునే జంతువుకు గాలిలో ఒళ్ళు తిరిగిపోకుండా నిలబెట్టుకోవడమే పెద్ద సమస్య అని వారు గుర్తించారు. చాచిన చేతి కొసన ఏర్పడే బలం ఎంత చిన్నదైనా, అది శరీర కేంద్రానికి దూరంగా ఉండటం వల్ల ఒంటిని తిప్పగల శక్తి దానికి ఎక్కువ. తక్కెడ కొసన వేసిన గురిగింజ కూడా ముల్లును కదుపుతుంది. కాబట్టి బరువు మోయలేని రెక్క కూడా ఒంటి తూకాన్ని నిలపగలదు. సగం రెక్కకు పని చూపడంలో వలకన్నా ఈ వాదన ఎంతో మేలైనది. ఎందుకంటే రెక్క చివరికి చేసే పనికీ మొదట చేసిన పనికీ ఇందులో జాతిభేదం లేదు; బలం పరిమాణం మాత్రమే తేడా. అయినా ఈ వ్యాసానికి రావలసినంత గుర్తింపు రాలేదు. రెండు పక్షాల తగవులో ఏ పక్షం నినాదానికీ అది పూర్తిగా ఒదగకపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

రెండో సమాధానం 1999లో బర్గర్స్, చియాపే ఇచ్చినది. రెక్క మొదట పైకెత్తే సాధనం కాదనీ, ముందుకు నెట్టే సాధనమనీ వారు లెక్కలతో వాదించారు. పరుగెత్తే జంతువు రెక్కలాడిస్తే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే రెక్క మోసే బరువు పెరుగుతుంది, కాళ్ళ మీద భారం తగ్గుతుంది. లెక్క సొంపుగా ఉంది. కాళ్ళ భారం తగ్గేకొద్దీ నేల మీద కాలి పట్టు కూడా తగ్గుతుందనే విషయానికి అందులో ఇవ్వవలసినంత ప్రాధాన్యం ఇవ్వలేదు.

5. చకోరం

ఈ చర్చను పుస్తకాల్లోంచి ప్రయోగశాలలోకి తెచ్చిన ఘనత మోంటానా విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ డయల్‌ది. ఆయన ఎంచుకున్నది చుకార్ అనే కౌజుజాతి పక్షి. సంస్కృత, తెలుగు కావ్యాల్లో వెన్నెల తాగి బతికే చకోరాన్ని ఈ పక్షిగానే గుర్తించడం పరిపాటి. వాయవ్య హిమాలయాల రాతి వాలుల మీద తిరిగే ఈ పక్షి తెలుగు నేలలో సహజంగా కనిపించదు. కవిసమయంగా తప్ప తెలుగువారికి పరిచయం లేని పక్షి పరిణామ శాస్త్రంలో ఇంత పెద్ద సాక్షి కావడం చిత్రమే.

డయల్ 2003లో ప్రచురించిన ఫలితాల ప్రకారం చకోరాలు ఎత్తైన చోటికి చేరడానికి చాలాసార్లు ఎగరవు. రెక్కలాడిస్తూ కాళ్ళతో పైకి పరుగెత్తుతాయి. ఇంకా ఎగరలేని పిల్లలు 45 డిగ్రీల వాలును ఈ పద్ధతిలో ఎక్కగలవు. పెద్ద పక్షులు నిట్టనిలువు గోడనే కాదు, మీదికి ఒరిగిన 105 డిగ్రీల తలాన్ని కూడా ఎక్కేశాయి. ఈకలు కత్తిరించినా పీకేసినా ఎక్కగలిగిన వాలు తగ్గిపోయింది. పక్షి ఒంటికి త్వరణమాపకాలు అమర్చి చేసిన మరో అధ్యయనంలో ఇంకా ఆశ్చర్యకరమైన విషయం తేలింది. రెక్క విసురులో కొంతభాగం పక్షిని పైకి లేపడం లేదు, వాలుకేసి అదుముతోంది. కాళ్ళకు పట్టు దొరుకుతున్నది ఆ అదుముడు వల్లనే. బర్గర్స్, చియాపే లెక్క తడబడిన చోట చకోరం తడబడలేదు.

సగం రెక్క ప్రశ్నకు ఇంతకన్నా సూటి సమాధానం అంతకు ముందు రాలేదు. పావు రెక్కతో పావు వాలు, సగం రెక్కతో సగం వాలు. ప్రతి అదనపు అంగుళం ఈకకూ ఒక కొలవదగ్గ ఫలితం ఉంది. శత్రువు నుంచి తప్పించుకునే పిల్లకు ఆ కొద్ది తేడాయే చావుబతుకుల తేడా. మివార్ట్ అడిగినది సరిగ్గా ఇటువంటి మెట్ల వరసనే. పైగా ఎక్కే చోట చెట్టుందా, బండరాయి ఉందా అనేది ఇందులో ముఖ్యం కాదు. రెండు పక్షాల తగవు మూలాన్ని ఈ ప్రయోగం చడీచప్పుడు లేకుండా తీసేసింది.

అయితే ప్రయోగం తేల్చినదీ, ప్రయోగకర్త దాని మీద కట్టినదీ ఒకటి కావు. 2008లో డయల్, ఆయన సహచరులు మరో అడుగు వేసి, వాలెక్కడంలోనూ సమతలంగా ఎగరడంలోనూ దిగడంలోనూ రెక్క విసురు గురుత్వ దిశను బట్టి చూస్తే దాదాపు ఒకే కోణంలో ఉంటుందనీ, ఆ మౌలికమైన విసురే పూర్వీకుల నుంచి వచ్చినదనీ సూచించారు. ఇక్కడే జాగ్రత్త అవసరం. చకోరం పిల్ల ఎగరలేని ప్రాణే గాని పూర్వీకుడు కాదు. దాని ఛాతీ ఎముకకు గట్టు ఉంది, రెక్కను పైకెత్తే కండరం ఉంది, ఆ కండరపు తాడు భుజం మీదుగా తిరిగి వెళ్ళే కాలువ ఉంది. ఆర్కియోప్టెరిక్స్‌లో ఆ గట్టు ఎముకగా కనబడదు, ఆ కాలువ ఏర్పడలేదు. థెరోపాడ్లలోనూ తొలి పక్షుల్లోనూ భుజపు ఎముక అమరిక చేతిని వీపు మీదికి ఎత్తనివ్వదని ఫిల్ సెంటర్ 2006లో వాదించాడు. డెచెక్కీ, లార్సన్, హబీబ్ 2016లో చేసిన గణన ప్రకారం ఈకల చేతులున్న డైనోసార్లలో చాలావాటికి వాలెక్కడంలో రెక్క ఇచ్చే సాయం లెక్కలోకి రానంత స్వల్పం. పక్షులకు అతి దగ్గరి, ఒళ్ళు చిన్నదైన బంధువుల్లోనే అది అక్కరకొచ్చే స్థాయికి చేరింది. అంటే చకోరం చూపిన మెట్ల వరస నిజమే గాని ఆ వరసలోని కింది మెట్లు ఇంకా కనబడవలసే ఉంది.

గ్రెనోబుల్‌లోని సింక్రోట్రాన్ ఎక్స్‌రేలతో మూడు ఆర్కియోప్టెరిక్స్ శిలాజాల ఎముకలను పరిశీలించి 2018లో వెలువరించిన అధ్యయనం ఈ సందర్భంలో విలువైనది. ఎముక గోడల మందం, మెలికకు తట్టుకునే తీరు కొద్ది దూరాలు ఒక్క ఊపులో ఎగిరే పక్షుల ఎముకలతో సరిపోయాయి. ఆర్కియోప్టెరిక్స్ రెక్కలాడించి ఎగిరిందనీ, అయితే ఆ ఆడింపు నేటి పక్షుల ఆడింపు వంటిది కాదనీ ఆ పరిశోధకులు భావించారు. ఈ రెండో భాగం నిలిస్తే 'మౌలికమైన విసురు' అనే భావన అంత మౌలికం కాకుండా పోతుంది.

6. నాలుగు రెక్కలు

చెట్టువాదానికి కొత్త ఊపిరి చైనాలోని ల్యావొనింగ్ నుంచి వచ్చింది. షు షింగ్ బృందం 2003లో వర్ణించిన మైక్రోరాప్టర్ గుయి సుమారు 12 కోట్ల ఏళ్ళ నాటిది. చేతులకే కాక కాళ్ళకూ పొడవాటి ఈకలున్న ప్రాణి అది. పక్షుల పూర్వీకుల్లో నాలుగు రెక్కల దశ ఉండి ఉంటుందని విలియం బీబీ 1915లోనే ఊహించాడు. ఎనభై ఎనిమిదేళ్ళ తరవాత అటువంటి ప్రాణి కనబడటంతో ఆ ఊహకు అమాంతం గౌరవం వచ్చింది.

మైక్రోరాప్టర్ కాళ్ళు ఎక్కడ పెట్టుకుని ఎగిరిందనే ప్రశ్నకు 2007లో ఒక సమాధానమిచ్చినవారు శంకర్ చటర్జీ, జాక్ టెంప్లిన్. తొలినాటి రెండంతస్తుల విమానం లాగా చేతి రెక్కలు పైన, కాలి రెక్కలు కింద ఉండి ఉంటాయన్నారు. చటర్జీ పేరు తెలుగునాట భూవిజ్ఞాన పరిశోధకులకు కొత్తది కాదు. ప్రాణహిత-గోదావరి లోయలోని మలేరి శిలల నుంచి ట్రయాసిక్ సరీసృపాలను వర్ణించి, 1980లో మలేరీసారస్‌కు పేరుపెట్టినది ఆయనే. అక్కడ ఎముకల మీద ఆయన చేసిన పని ఓపికకు నమూనాగా నిలుస్తుంది. ఆ తరవాత టెక్సస్‌లో దొరికిన ముక్కలను బట్టి 1991లో వర్ణించిన ప్రోటోఏవిస్ మాత్రం పక్షుల పుట్టుకను ఆర్కియోప్టెరిక్స్ కన్నా కోట్ల ఏళ్ళు వెనక్కి జరిపే ప్రయత్నం. వేర్వేరు జంతువుల ఎముకలు కలిసిపోయాయనే అనుమానంతో శిలాజవేత్తల్లో అధికులు దాన్ని అంగీకరించలేదు. రెండంతస్తుల విమానం నమూనాలోనూ ఇటువంటి తొందరే కొంత కనిపిస్తుంది. లెక్కలు చక్కనివి, కానీ ఆ లెక్కలకు కావలసిన భంగిమ తుంటి కీలు అనుమతిస్తుందా అన్నది వేరే పరీక్ష. రాతిలో పలచగా అణిగిపోయిన శిలాజం ఈకల దిశను చూపుతుందే గాని బతికున్నప్పటి భంగిమను హామీ ఇవ్వదు. 2013లో పూర్తి పరిమాణంలో చేసిన నమూనాను గాలి సొరంగంలో పెట్టి చూసిన పరిశోధకులు కాళ్ళ భంగిమ వల్ల జారే ప్రయాణంలో చెప్పుకోదగ్గ తేడా రాదని తేల్చారు. ఏ ప్రశ్న మీద అన్ని పుటల వాదం నడిచిందో ఆ ప్రశ్నకు గాలి ఇచ్చిన జవాబు అది.

7. తోక సంగతి

స్థలం గురించిన ఈ తగవుకు పూర్తిగా వెలుపల నిలిచిన మూడు పుటల వ్యాసం ఒకటుంది. రాసినవాడు జాన్ మేనార్డ్ స్మిత్, సంవత్సరం 1952. యుద్ధకాలంలో విమానాల రూపకల్పనలో ఇంజనీరుగా పనిచేసి, ఆ తరవాత జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర జీవశాస్త్రం చదవడానికి వెళ్ళినవాడాయన. (ఆ హాల్డేన్ తరవాత భారతదేశానికి వచ్చి స్థిరపడి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.) తొలి ఎగిరే ప్రాణులన్నిటికీ పొడవాటి తోకలు ఎందుకున్నాయన్నది స్మిత్ ప్రశ్న. పొడవాటి తోక ఉన్న ప్రాణి గాలిలో కొట్టుకుపోయినా తనంతట తానే తిన్నని దారికి వస్తుంది. దానికి చురుకైన మెదడు అక్కర్లేదు. నాడీవ్యవస్థ ప్రతి క్షణం సరిదిద్దగలిగే స్థాయికి చేరాక స్థిరత్వాన్ని వదులుకోవచ్చు, తోక కుదించుకోవచ్చు, ఫలితంగా చటుక్కున మలుపు తిరగవచ్చు. విమానం తెలిసినవాడి చూపు ఇది. రెక్క గురించి మాత్రమే మాట్లాడిన శతాబ్దంలో, ఎగరడమంటే రెక్క ఒక్కటే కాదని, దాన్ని నడిపే నరాలు కూడానని గుర్తుచేసిన వ్యాసమిది. నేలవాదానికి గాని చెట్టువాదానికి గాని ఇది కొమ్ముకాయదు. దీన్ని ఉదహరించినంత మంది దీని తీరును అనుసరించి ఉంటే ఈ చర్చ మరో రకంగా నడిచేది.

8. చతుర్థీ విభక్తి చిక్కు

'ఎగరడం కోసం పక్షులకు ఈకలు వచ్చాయి' అనే వాక్యం తరగతి గదిలో తప్పుగా తోచదు. కొఱకు, కై అనే చతుర్థీ విభక్తి ప్రత్యయాలు ఉద్దేశాన్ని చెబుతాయి. పరిణామానికి ఉద్దేశం లేదు. 1996లో వెలుగుచూసిన సైనోసారోప్టెరిక్స్ ఎగిరే ప్రాణి కాదు. దాని ఒంటి మీద నూగు ఈకలున్నాయి. 2010లో దాని తోక మీద రంగు చారలు కూడా గుర్తించారు. చలి కాచుకోవడమో, తోటివాటికి కనిపించడమో ఎగరడానికన్నా ఎంతో ముందే ఈకకు పనిగా ఉందన్నమాట. ఒక పనికి ఏర్పడిన అవయవం మరో పనికి అక్కరకు రావడాన్ని వేరే పేరుతో గుర్తించాలని స్టీఫెన్ జే గూల్డ్, ఎలిజబెత్ వ్ర్బా 1982లో ప్రతిపాదించినప్పుడు వారు చూపిన ఉదాహరణల్లో ఈక ఒకటి. రెక్కలను గొడుగులా చుట్టూ పరిచి ఆ నీడలో చేపలు పట్టే ఆఫ్రికా నల్లకొంగను కూడా వారు ప్రస్తావించారు. అయితే వారు ఆస్ట్రమ్ వలను కూడా ఆ వరసలో ఒక మెట్టుగా స్వీకరించారు. ఒక పెద్ద 'కోసం'ను తీసేసి మూడు చిన్న 'కోసం'లను పేర్చినట్టయింది. ఉద్దేశం చిన్నదైనంత మాత్రాన అది ఉద్దేశం కాకుండా పోదు.

తెలుగు నుడికారంలో ఈ చిక్కుకు విరుగుడు లాంటివి రెండున్నాయి. భాషా సాక్ష్యం జీవశాస్త్ర సాక్ష్యం కాదన్న మెలకువతోనే వాటిని పేర్కొనవలసి ఉంటుంది. 'రెక్కాడితే గాని డొక్కాడదు' అన్న సామెతలో రెక్క అంటే చేయి. పక్షి రెక్కకూ కూలివాని చేతికీ ఒకే మాట వాడిన భాషలో ఆ రెండూ ఒకే ఎముకల అమరికలని వివరించడం కష్టం కాదు. అలాగే ఎగరడమనే మాట గాలిలో పోవడానికీ, నేల మీద గెంతడానికీ ఒక్కటే. గెంతుకూ గగనయానానికీ మధ్య గీత గీయాలని శాస్త్రజ్ఞులు శతాబ్దానికి పైగా తగవులాడారు. గీత లేని చోట గీయబోవడమే కేపుల్ బృందం ఎత్తిచూపిన లోపం. తెలుగు అధ్యాపకులు ఇంగ్లీషు పుస్తకాల్లోని ప్రయోజన వాక్యాలను చతుర్థిలోకి దించడం మానుకొని, 'ఈకలున్న చేయి గెంతులో ఒంటిని నిలిపింది, నిలిపినవి మిగిలాయి' అనే తీరులో చెబితే అర్థం చెడదు, శాస్త్రమూ చెడదు.

ప్రయోజనాన్ని ఊహించడానికి బదులు కొలవడానికి ప్రయత్నించిన పనుల్లో 2024 ఆరంభంలో సియోల్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు భాగస్వాములుగా వెలువడిన అధ్యయనం ఒకటి. చేతులకు పొట్టి ఈకలే ఉండి ఎగరలేని కాడిప్టెరిక్స్ అనే డైనోసార్ పోలికలతో వారు ఒక రోబోను తయారుచేసి మిడతల ముందు దాని రెక్కలు విప్పించారు. రెక్కలు తొడిగినప్పుడు మిడతలు ఎక్కువగా బెదిరి ఎగిరాయి. పురుగును పట్టే వల కాదు, పురుగును దాగినచోటి నుంచి లేపే తెర అన్నమాట. ఆస్ట్రమ్ పురుగు ఇలా మళ్ళీ చర్చలోకి వచ్చింది, ఈసారి కొలతతో. కానీ కొలిచినది మిడత బెదురు. రెక్క పుట్టించిన బలం కాదు. బెదిరిన మిడత వెంట పరుగెత్తి మలుపు తిరిగే జంతువుకు ఆ పొట్టి రెక్క ఎంత ఊతమిచ్చిందో, తోక అందులో ఎంత పంచుకుందో, భుజపు కీలు ఆ కదలికను ఎంతవరకు సాగనిచ్చిందో విడిగా కొలవవలసి ఉంది.